మద్దెల ఓడా, ఆట రాదా?

మార్చి దగ్గర పడిందంటే కంపెనీ ఆఫీసులోకి ఇద్దరు తప్పకుండా అడుగుపెడతారు. ఒకరు ఆడిటరు గారి మనిషి, ఇంకొకరు సాఫ్ట్‌వేర్ అమ్మే మనిషి. లెక్క ఎక్కడ తేలడం లేదో మొదటాయన చూపిస్తాడు. తేలకపోవడానికి మీ పాత సాఫ్ట్‌వేరే కారణమని రెండో ఆయన చెబుతాడు. కొటేషన్ బల్ల మీద పెట్టి, ఈ నెలాఖరులోగా తీసుకుంటే ధర తగ్గిస్తానని కూడా అంటాడు. ఈలోగా వెనక సీట్లోంచి అకౌంటెంటు ‘ఉన్నదాంట్లోనే ఇవన్నీ ఉన్నాయి సార్, మనం వాడట్లేదంతే’ అని అందుకుంటాడు. యజమాని ఇద్దరి మొహాలూ మార్చి మార్చి చూస్తాడు.

ఆడలేక మద్దెల ఓడన్న సామెత ఇక్కడ సరిపోతుందా, లేక మద్దెల నిజంగానే ఓటిపోయిందా? ఈ ప్రశ్నకు అన్ని కంపెనీలకూ పనికొచ్చే జవాబు ఒకటి లేదు. ఉన్న సాఫ్ట్‌వేర్ నుంచి ఇంకా రాబట్టుకోమనే వాళ్ల దగ్గరా, దాన్ని వదిలించుకోమనే వాళ్ల దగ్గరా గట్టి ఆధారాలే ఉన్నాయి. రెండు పక్షాల మాటా వినాలి.

మొదటి పక్షానికి మన ఊళ్లలో ట్యాలీని మించిన సాక్ష్యం లేదు. మిల్లులకు ముడిసరుకు, యంత్ర భాగాలు సరఫరా చేసే వ్యాపారి శ్యామ్‌సుందర్ గోయెంకా, తన లెక్కలకు సరిపోయే ప్రోగ్రాం బజారులో దొరక్క, గణితం చదివిన కొడుకు భరత్ చేత రాయించుకున్నాడు. బెంగళూరులో 1986లో అలా మొదలైన ఆ సాఫ్ట్‌వేర్ ఇవాళ గుంటూరు మిర్చి కమిషన్ కొట్ల నుంచి హైదరాబాదు బేగంబజార్ హోల్‌సేల్ దుకాణాల దాకా చిట్టా, ఆవర్జాల స్థానంలో కూర్చుంది. చిక్కేమిటంటే చాలాచోట్ల దాన్ని ఇప్పటికీ చిట్టా, ఆవర్జా లాగానే వాడుతున్నారు. బిల్లు కొట్టడం, రసీదు ఎక్కించడం, జీఎస్టీ రిటర్నుకు అంకెలు తీయడం, అంతటితో సరి.

విజయవాడలో మందుల డిస్ట్రిబ్యూటరు ఒకాయన ఉన్నాడనుకుందాం. చుట్టుపక్కల మెడికల్ షాపులకు అరువు మీద సరుకు వేస్తుంటాడు. ఎవరి బాకీ ఎన్ని రోజులుగా నిలిచిపోయిందో చూపే రిపోర్టు ట్యాలీలో ఉంది. తెరిచి చూస్తే మాత్రం అంతా గందరగోళం. నిరుడే కట్టేసిన బిల్లులు కూడా బాకీ కిందే కనిపిస్తాయి. ఎందుకంటే షాపువాడు వచ్చి ఏభై వేలు కట్టి వెళ్తాడు, ఏ బిల్లుకో చెప్పడు. రసీదు ఎక్కించేటప్పుడు ఏ బిల్లు కింద జమ వేయాలని ట్యాలీ అడుగుతుంది. వెనక ఇంకో నలుగురు నిలబడి ఉంటారు గనక కౌంటర్లో కుర్రాడు ‘ఆన్ అకౌంట్’ అని ఎంచుకుని ఎంటర్ కొట్టేస్తాడు. మొత్తం బాకీలోంచి డబ్బు తగ్గుతుంది గానీ ఏ బిల్లూ మూతపడదు. ఏడాది ఇలా సాగితే షాపువాడి ఖాతాలో నిల్వ సరిగ్గానే ఉంటుంది, ఏ బిల్లు ఎన్నాళ్ల పాతదన్న లెక్క మాత్రం అబద్ధం చెబుతుంది. అప్పుడు సేల్స్‌మన్ తన జేబులోని చిన్న పుస్తకాన్నే నమ్ముకుంటాడు. వసూళ్లు ఆ పుస్తకం మీదే నడుస్తాయి. అతను మానేసిన రోజున పుస్తకం కూడా పోతుంది.

ఈ జబ్బుకు కొత్త సాఫ్ట్‌వేర్ మందు కాదు. డబ్బు పుచ్చుకునే మనిషి ‘ఏ బిల్లుకండీ?’ అని అడగాలి. చెప్పకపోతే పాత బిల్లుకే ముందు జమ అన్న నియమం ఒకటి పెట్టుకుని, అందరూ దాన్నే పాటించాలి. మందుల గడువు తేదీల సంగతీ ఇంతే. ఎఫ్ 11 నొక్కితే వచ్చే సెట్టింగుల్లో బ్యాచ్‌లు, వాటి ఎక్స్‌పైరీ తేదీలు ఆన్ చేసుకునే వీలుంది. ఆన్ చేసుకోనివాళ్లు గోడౌనులో అట్టపెట్టెలు తిరగేస్తూ, కంపెనీకి వాపసు పంపే గడువు దాటిపోయాక నాలుక్కరుచుకుంటారు.

ఎక్సెల్‌దీ అదే కథ. నాలుగు బ్రాంచిల నుంచి వచ్చిన షీట్లను ప్రతి నెలా ఒకదాని కింద ఒకటి కాపీ చేసి అతికించే ఉద్యోగి దాదాపు ప్రతి ఆఫీసులోనూ ఉంటాడు. ఆ పని చేసిపెట్టే పవర్ క్వెరీ 2016 వెర్షన్ నుంచి ఎక్సెల్‌లోనే భాగంగా వస్తోంది. ఫోల్డరు ఎక్కడుందో ఒక్కసారి చూపిస్తే, పై నెల నుంచి రిఫ్రెష్ నొక్కితే చాలు. ఇక నెలనెలా మనిషికింత అని కట్టే సాఫ్ట్‌వేర్లలో, ఉద్యోగం మానేసి వెళ్లినవాళ్ల పేర్ల మీద కూడా చందా కడుతున్న కంపెనీల గురించి వాదమే అక్కర్లేదు. ఆ జాబితా ఇవాళే తెరిచి చూసుకోవాలి.

ఇదంతా చిన్న కొట్ల వ్యవహారం అనుకోనక్కర్లేదు. కంప్యూటర్లు ఎక్కడ చూసినా కనిపిస్తున్నాయి గానీ ఉత్పాదకత లెక్కల్లో మాత్రం కనిపించడం లేదని ఆర్థికవేత్త రాబర్ట్ సోలో 1987లోనే ఎత్తిపొడిచాడు. మూడేళ్ల తర్వాత ఆర్థిక చరిత్రకారుడు పాల్ డేవిడ్ దీనికి విద్యుత్తు చరిత్రలో జవాబు చూపించాడు. కరెంటు అమ్మే కేంద్రాలు అమెరికాలో 1880లలో వచ్చాయి, దానివల్ల ఫ్యాక్టరీల ఉత్పాదకత గట్టిగా పెరిగింది 1920లలో. తొలినాళ్లలో ఆవిరి ఇంజను తీసేసి, అదే చోట ఒక పెద్ద మోటారు పెట్టి, పాత షాఫ్టులు, బెల్టులతోనే యంత్రాలు తిప్పారు. యంత్రానికో మోటారు పెట్టి, పని జరిగే వరసను బట్టి ఫ్యాక్టరీనే కొత్తగా అమర్చుకున్నాక గానీ లాభం చేతికి రాలేదు. పనిముట్టు మారి పని మారకపోతే దక్కేది కొత్త బిల్లు మాత్రమే.

పని మార్చుకోకుండా కొత్తది కొన్నవాళ్ల గతి ఏమైందో చెప్పడానికి పెద్ద పెద్ద పేర్లే ఉన్నాయి. జర్మనీ రిటైల్ సంస్థ లిడిల్ 2011లో ఎస్ఏపీ సాఫ్ట్‌వేర్ ఆధారంగా కొత్త వ్యవస్థ కట్టడం మొదలుపెట్టింది. లిడిల్ తన నిల్వల విలువను కొన్న ధర మీద లెక్కగట్టేది, ఆ సాఫ్ట్‌వేర్ మామూలుగా అమ్మే ధర మీద లెక్కగట్టేది. కంపెనీ తన పద్ధతి వదులుకోలేదు, సాఫ్ట్‌వేర్‌నే తనకు తగ్గట్టు మార్పించింది. ఒక మార్పు ఇంకో మార్పును కోరింది. చివరికి 2018లో, దాదాపు 50 కోట్ల యూరోలు ఖర్చయ్యాయని వార్తలొస్తుండగా, ఆ ప్రాజెక్టును ఆపేసి పాత వ్యవస్థనే నమ్ముకుంది. ఇంగ్లండులోని బర్మింగ్‌హామ్ నగర పాలక సంస్థ 1999 నుంచి వాడుతున్న ఎస్ఏపీని తీసేసి, 2022 ఏప్రిల్‌లో ఒరాకిల్‌కు మారింది. కొత్త సాఫ్ట్‌వేర్‌ను ఉన్నదున్నట్టుగా తీసుకుంటామనుకున్నవాళ్లు పాత అలవాట్ల కోసం దాన్ని మార్పించారు. బ్యాంకు లెక్కలు సరిపోల్చే పని కూడా సరిగా జరగక సిబ్బంది చేతులతో చేయాల్సి వచ్చింది. 2 కోట్ల పౌండ్ల లోపు అనుకున్న ఖర్చు 10 కోట్లు దాటింది. 2023 సెప్టెంబరులో ఆ సంస్థ కొత్త ఖర్చులు పెట్టలేనని చేతులెత్తేసింది. సమాన వేతన బకాయిలు అందుకు పెద్ద కారణం, ఈ సాఫ్ట్‌వేర్ ఖర్చు కూడా తోడైంది.

ఇంతవరకు వింటే మొదటి పక్షమే గెలిచినట్టుంటుంది. కానీ రెండో పక్షం చూపించే నష్టం వేరే రకంది. అది బిల్లుల్లో కనిపించదు.

‘ఉన్నదాంతోనే నెట్టుకొద్దాం’ అన్న మాట వినడానికి పొదుపుగానే ఉంటుంది. ఆ పొదుపు ఎవరి నెత్తిన పడుతోందో ఎవరూ లెక్క వేయరు. ఆర్డరు వాట్సాప్‌లో వస్తుంది. ఒకరు దాన్ని నోటుబుక్కులో రాసుకుంటారు. ఇంకొకరు ట్యాలీలో బిల్లు చేస్తారు. మూడోవారు డెలివరీ ఆటో కోసం ఎక్సెల్‌లో జాబితా తయారు చేస్తారు. ఒకే సరుకు, ఒకే అంకె, మూడుసార్లు. ఒకచోట 12 కాస్తా 21 అయితే సాయంత్రం దాకా ఎవరికీ తెలియదు. నెలాఖరులో స్టాకు సరిచూడటానికి ముగ్గురూ రాత్రి తొమ్మిదింటి దాకా కూర్చుంటారు. జీతం పెరగలేదు కాబట్టి ఇదంతా ఉచితంగానే జరుగుతోందని యజమాని భ్రమ. కొత్త సాఫ్ట్‌వేర్ చందా కాగితం మీద కనిపిస్తుంది గనక ఖర్చు, ఈ రాత్రిళ్లు కనిపించవు గనక పొదుపు!

ఈ భ్రమ పెద్ద సంస్థను ఎంతదూరం తీసుకుపోగలదో 2022 డిసెంబరులో అమెరికా విమానాశ్రయాల్లో తేలింది. క్రిస్మస్ ముందు మంచు తుపాను వచ్చింది. మిగతా ఎయిర్‌లైన్స్ కొద్ది రోజుల్లో తేరుకున్నాయి. సౌత్‌వెస్ట్ ఎయిర్‌లైన్స్ మాత్రం సుమారు 16,700 విమానాలు రద్దు చేసుకుంది. పైలట్లు, సిబ్బంది ఏ ఊళ్లో చిక్కుకున్నారో దాని పాత షెడ్యూలింగ్ వ్యవస్థ పట్టుకోలేకపోయింది. ఎక్కడున్నారో చెప్పడానికి సిబ్బంది ఫోన్ లైన్లలో గంటలకొద్దీ వేచి ఉన్నారు. ఈ వ్యవస్థను మార్చమని ఉద్యోగ సంఘాలు అంతకు ముందు ఏళ్ల తరబడి మొత్తుకున్నాయి. మరుసటి ఏడాది అమెరికా రవాణా శాఖ 14 కోట్ల డాలర్ల జరిమానా వేసింది. మామూలు రోజుల్లో బాగానే నడిచే పనిముట్టు తుపాను రోజున కూడా నడుస్తుందో లేదో ముందే అడగకపోతే ఇలాగే ఉంటుంది.

భద్రత విషయంలో రెండో పక్షం మాటకు ఎదురు లేదు. 2017 మే 12న వన్నాక్రై అనే వైరస్ ప్రపంచవ్యాప్తంగా కంప్యూటర్లకు తాళం వేసి డబ్బు అడిగింది. అది దూరిన కంతను పూడ్చే అప్‌డేట్‌ను మైక్రోసాఫ్ట్ మార్చిలోనే ఇచ్చింది. వేసుకున్నవాళ్లు బయటపడ్డారు. వేసుకోనివాళ్లు, అప్‌డేట్లే ఆగిపోయిన పాత విండోస్ మీద నడుస్తున్నవాళ్లు చిక్కుకున్నారు. బ్రిటన్ ఆస్పత్రులతో పాటు మన ఆంధ్రప్రదేశ్ పోలీసు శాఖ కంప్యూటర్లు కొన్ని కూడా ఆ దెబ్బ తిన్నాయి. విండోస్ 10కి మామూలు మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసింది. ‘ఇంకా బాగానే తిరుగుతోంది కదా’ అని దాని మీదే బ్యాంకు లావాదేవీలు చేసే ఆఫీసులు వన్నాక్రై కథ ఒకసారి గుర్తు చేసుకోవాలి.

చట్టం కూడా ఆగదు. కంపెనీల చట్టం కింద నమోదైన సంస్థ లెక్కలు రాసే సాఫ్ట్‌వేర్, ఏ ఎంట్రీని ఎప్పుడు మార్చారో చెరపలేని విధంగా నమోదు చేయాలన్న నిబంధన 2023 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉంది. జీఎస్టీ ఈ-ఇన్‌వాయిస్ 2020 అక్టోబరులో 500 కోట్ల టర్నోవరు దాటినవాళ్లతో మొదలై, 2023 ఆగస్టు నాటికి 5 కోట్లు దాటినవాళ్ల దాకా దిగింది. పదేళ్ల క్రితం కొన్న ప్రోగ్రాంలో మనం వాడని ఫీచర్లు ఎన్ని ఉన్నా, ఈ రెండూ లేకపోతే అది పనికి రానట్టే.

మధ్యలో ఒక ఉదాహరణ ఉంది, దాన్ని రెండు పక్షాలూ తమదే అంటాయి. కోవిడ్ కాలంలో, 2020 శరదృతువులో, ఇంగ్లండు ప్రజారోగ్య సంస్థ ల్యాబుల నుంచి వచ్చిన ఫలితాలను పాత ఎక్స్‌ఎల్‌ఎస్ రకం ఎక్సెల్ ఫైళ్లలోకి ఎక్కించేది. ఆ ఫైలులో 65,536 వరసలకు మించి పట్టవు. మించినవి చప్పుడు లేకుండా రాలిపోయాయి. అలా 15,841 పాజిటివ్ కేసులు సమయానికి లెక్కలోకి రాలేదు, వాళ్లతో మెలిగినవాళ్లకు హెచ్చరికలు ఆలస్యమయ్యాయి. అదే ఎక్సెల్‌లో 2007 నుంచి ఉన్న కొత్త ఫైలు రకంలో పది లక్షలకు పైగా వరసలు పడతాయి కదా, చేతిలో ఉన్నది వాడుకోకపోవడమే తప్పు అంటుంది మొదటి పక్షం. దేశం మొత్తం కేసుల లెక్కను ఎక్సెల్‌లో పెట్టడమే తప్పు, దానికి డేటాబేస్ ఉండాలి అంటుంది రెండోది. ఇద్దరూ సరిగ్గానే చెబుతున్నారు. ఫైలు రకం మార్చి ఉంటే ఆ వారం గండం గడిచేది. అయినా ఆ పని ఎక్సెల్‌కు మించిన పనే.

రెండు పక్షాల అతి మాటలనూ ఇక్కడే పక్కన పెట్టాలి. ‘మీరు కొన్నదాంట్లో పావు వంతు కూడా వాడట్లేదు’ అని కన్సల్టెంట్లు బెదిరిస్తారు. వాడని ఫీచరు దానంతటది నష్టం కాదు. పైగా ఆన్ చేసిన ప్రతి ఫీచరూ ఎవరి చేతికో పని పెంచుతుంది. కాస్ట్ సెంటర్లు ఆన్ చేశారంటే ఖర్చు ఓచరు రాసేటప్పుడు అది ఏ విభాగానిదో ఎంచుకోవాలి. ఆ విభాగాల వారీ రిపోర్టును చదివే మనిషి ఆఫీసులో లేకపోతే ఎంచుకున్న శ్రమంతా దండగ. నాలుగు వారాల్లో గుమాస్తా విసిగిపోయి అన్నింటినీ ‘జనరల్’ కింద తోసేస్తాడు. ఎవరు చదువుతారో పేరు చెప్పగలిగినప్పుడే ఫీచరు ఆన్ చేయాలి.

అటువైపు, ‘కొత్త సాఫ్ట్‌వేర్ వస్తే క్రమశిక్షణ దానంతటదే వస్తుంది’ అనేది అమ్మేవాళ్ల మాట. ఇందులో కొంత నిజం లేకపోలేదు. పాత తెర మీద పాత అలవాటే నడుస్తుంది. మార్పు సమయంలో అయితే సరుకుల జాబితా ఒకసారి దులుపుకునే అవకాశం వస్తుంది. కానీ ఒకే మాత్రను నాలుగు స్పెల్లింగులతో నాలుగు సరుకులుగా పెట్టుకున్న కంపెనీ, ఆ జాబితాను అలాగే కొత్తదాంట్లోకి ఎగుమతి చేస్తే నాలుగూ అక్కడికీ వస్తాయి. దులపడానికి కొత్త సాఫ్ట్‌వేర్ అక్కర్లేదు. దులపకుండా కొత్త సాఫ్ట్‌వేర్ పనికి రాదు.

నా తీర్పు ఈ వరసలో ఉంటుంది. ముందు ఉన్నదాన్ని దారిలో పెట్టాలి, ఆ తర్వాతే కొనడం గురించి ఆలోచించాలి. పొదుపు ఒక్కటే దీనికి కారణం కాదు. ఉన్నదాన్ని సరిగ్గా వాడటానికి ఏ నియమాలు కావాలో, కొత్తది నిలబడటానికీ అవే కావాలి. ఆఫీసును బాగా వేధిస్తున్న బాధ ఒకటి ఎంచుకోండి, రాని బాకీలో, తేలని స్టాకో. దాన్ని ఉన్న సాఫ్ట్‌వేర్‌తోనే మూడు నెలల్లో సరిచేయమని ఒక్క మనిషికి పూర్తిగా అప్పగించండి. నేర్చుకోవడానికి అతనికి పని గంటల్లోనే సమయం ఇవ్వండి, ఆదివారాలు కాదు. నేర్పిస్తే పక్క కంపెనీకి పోతాడని చాలామంది యజమానులు వెనకాడతారు. నేర్పకుండా పదేళ్లు ఉంచుకోవడం అంతకంటే ఖరీదైన పని. అతనికి తెలిసింది కాగితం మీద రాయించండి, ఇంకొకరికి నేర్పించండి. మూడు నెలల్లో బాధ తీరితే డబ్బు మిగిలింది. తీరకపోతే ఎక్కడ ఆగిపోయిందో కచ్చితంగా తెలుస్తుంది. కొత్త సాఫ్ట్‌వేర్ కొనేటప్పుడు అమ్మేవాడి ముందు పెట్టాల్సింది ఆ కాగితమే.

ఈ వరసకు నాలుగు మినహాయింపులు ఒప్పుకోవాలి. భద్రతా అప్‌డేట్లు ఆగిపోయినప్పుడు, చట్టం అడిగింది చేయలేనప్పుడు, వ్యాపారం పెరిగి పనిముట్టు హద్దు దాటినప్పుడు మూడు నెలలు ఆగనక్కర్లేదు. ఆ సాఫ్ట్‌వేర్, దాన్ని తయారు చేసిన ఒకే ఒక్క మనిషికి తప్ప ఇంకెవరికీ అర్థం కాని స్థితిలో ఉంటే కూడా అంతే. ఈ నాలుగింటిలో ఏ ఒక్కటి ఉన్నా పాతదాన్ని పట్టుకు వేలాడటం పొదుపు అనిపించుకోదు.

ఈ నాలుగూ లేని కంపెనీలకు చెప్పేది ఒక్కటే. ఈ ఏడాది కొటేషన్ మీద సంతకం పెట్టే ముందు కౌంటర్లో కూర్చునే కుర్రాణ్ని పిలిచి, రోజూ ఏ అంకెను ఎన్నిచోట్ల ఎక్కిస్తున్నాడో, ఏ ప్రశ్నకు జవాబు తెలియక ‘ఆన్ అకౌంట్’ కొడుతున్నాడో అడగండి. మద్దెల మార్చాలో ఆట నేర్చుకోవాలో అమ్మేవాడి కంటే, ఆడిటరు కంటే అతనికే బాగా తెలుసు.